విచ్చుకోని చుట్టలు

ఏప్రిల్ 21, సోమవారం

జెమి వెళ్లింది. పదకొండు గంటల పలాస బస్సుకి.

ఏప్రిల్ 22, మంగళవారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను. బడిలో మిగిలిపోయిన కాపీ పుస్తకం ఇది, నాలుగు గీతలది. ఒకటో తరగతి పిల్లల కోసం వేసిన ఆ గీతల మధ్య నా అక్షరాలు ఇమడడం లేదు. ఎవరికీ చూపించేది కాదు కదా, పరవాలేదు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే తేలికపడతానేమో.

ఈస్టరు మర్నాడు వస్తామని ప్రదీప్ కుమార్ ముందే ఫోన్ చేశాడు. మా చెల్లెలు సలోమి పెనిమిటి. సలోమి కామెర్లతో పోయేనాటికి జెమికి పద్నాలుగు నెలలు. కొన్నాళ్లు చూడు వదినా అని పిల్లని నా చేతుల్లో పెట్టి చెన్నైలో పనికి వెళ్లాడు. ఆ కొన్నాళ్లు ఆరేళ్లయ్యాయి. ఏడాదికోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక గౌను తెచ్చేవాడు. ఎప్పుడూ ఒక సైజు చిన్నదే. నిరుడు తిరిగొచ్చి కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడే పప్పు పొట్టు తీసే నీలవేణిని పెళ్లి చేసుకున్నాడు.

నిన్న అతను కుర్చీలో కూర్చున్నాడు. నీలవేణి గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. రెండోసారి నేను అనలేదు.

"వదినా, నువ్వు లేకపోతే ఈ గుంట బతికేది కాదు. అది నాను మర్సిపోను. గానీ నా పిల్ల నా కాడుండాల కదా" అన్నాడు ప్రదీప్.

"దానికి అక్కడ ఎవరు తెలుసు?"

"ఉంటే తెలుత్తారు. బడులు తెరిసేదాకా నువ్వు రావద్దొదినా. నిన్ను సూసిందంటే మా కాడ నిలవదు. అలవాటయ్యిందా, సరే. లేదంటావా, జూన్ పన్నెండో తారీకు లోపల నానే తెచ్చి నీకు దిగబెట్టీసి పోతాను. మరింక అడగను."

సరే అన్నాను. ఇంకేమనాలి? తండ్రి.

జెమి బట్టల కంటే ముందు తన బిస్కెట్ల రేకు డబ్బా సర్దుకుంది. అందులో రంగు కాగితం పీలికలు, జిగురు సీసా, సగం అయిన చిలక బొమ్మ అట్ట. ఎడమ రెక్క అయింది, కుడి రెక్క కాలేదు. ఏడాదిగా సాయంత్రాలు మేమిద్దరం చేసేది ఈ క్విల్లింగ్ పనే. సన్నటి పీలికని అగరుబత్తి పుల్లకి చుట్టడం జెమి వంతు. ఆ చుట్టని పుల్ల నుంచి తీసి, కాస్త వదిలేసి, విచ్చుకున్నాక చివర జిగురు పెట్టి, ఆకులాగో నీటిబొట్టులాగో నొక్కడం నా వంతు. అది నొక్కితే వంకర పోతుంది. అందుకని నేనే చేసేదాన్ని.

"రెండో రెక్క ఎప్పుడు చేస్తావు పెద్దమ్మా?" అంది బస్సు కిటికీలోంచి.

"తొందరగా" అన్నాను.

పెద్దమ్మా అనే పిలుస్తుంది. మాటలొచ్చిన కొత్తలో అమ్మా అంటే నేనే మాన్పించాను. గోడ మీద సలోమి ఫొటో చూపించి, అమ్మ ఈమె, నేను పెద్దమ్మని అని చెప్పాను. అప్పుడు అదే న్యాయం అనిపించింది.

ఏప్రిల్ 24, గురువారం

దువ్వెనలో దాని వెంట్రుకలున్నాయి. తియ్యలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు లీలమ్మ నన్ను పక్కకి పిలిచారు. జెమి సంగతి ఆవిడకి తెలుసు. దాని గురించి ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండు అనుకున్నాను. అడగనందుకు బతికిపోయాను అని కూడా అనుకున్నాను.

"మిరియం, మే మొదటి వారంలో భావనపాడులో పిల్లలకి వీబీఎస్ పెడతన్నాం, అదే, వేసవి బైబిలు బడి. ఐదు రోజులు. పాటలు, వాక్యం మేం చూసుకుంటాం. చేతిపని నువ్వు నేర్పాలి. ఆ కాయితం చుట్టలు" అన్నారు.

"నాకు తీరదమ్మగారూ."

"బడికి సెలవులే కదా. ఇంట్లో కూర్చుని ఏటి చేస్తావు?"

చాలా పనులున్నాయి. నేనేమీ ఊరికే కూర్చోలేదు. ఇల్లు దులపాలి. జెమి వచ్చేలోగా కిటికీకి దోమల తెర కొట్టించాలి.

సరే అనే చెప్పాను చివరికి.

మే 5, సోమవారం

భావనపాడు. ఇప్పుడే ఇంటికి తిరిగొచ్చాను. చెప్పుల్లో ఇంకా ఇసక ఉంది.

వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్లు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. మాకు తుఫాను షెల్టరు కింది గది ఇచ్చారు. పిల్లలు ఇరవై ముగ్గురు. పీలికల కట్టలు విప్పి నేల మీద రంగురంగులుగా పరిచాను. అంతే, సముద్రం వైపు కిటికీలోంచి గాలి ఒక్కసారి వచ్చింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అన్నీ లేచి గదంతా తిరిగాయి. పిల్లలు చేపల్ని పట్టినట్టు గెంతి పట్టుకున్నారు. నవ్వీ నవ్వీ ఒకరి మీద ఒకరు పడ్డారు. నేనూ నవ్వాను. నవ్వు నోట్లోంచి వచ్చాక తెలిసింది నవ్వానని.

"దీన్ని పుల్లకి చుట్టాలి. ఇదిగో, దీన్ని చుట్ట అంటారు" అన్నాను.

"సుట్టంటే మా మామ్మ కాల్సేదా టీచరు?" అంది ముందు వరసలో ఉన్న ఒక పిల్ల.

"మామ్మ చుట్ట కాలుస్తుందా?"

"నిప్పు నోట్లోకెట్టి కాలుత్తాది. అడ్డసుట్ట."

ఆ పిల్ల పేరు శిరీష. ఎనిమిదేళ్లుంటాయి. ఉప్పు గాలికి రాగి రంగు తిరిగిన జుట్టు. మాట తడుముకోదు. నేను నీటిబొట్టు ఆకారం నొక్కి చూపిస్తే, "దీనికి తోకెట్టితే సేపైపోద్ది కదా టీచరు" అని తనే నొక్కి తనే తోక పెట్టేసింది. అన్నీ వంకరే. ఒక చేపకి కడుపు మీద ముడత, ఒకదానికి మూతి లేదు. సరిచేద్దామని చెయ్యి చాపితే అట్టని వెనక్కి లాక్కుంది.

"నాది నానే సేసుకుంతాను."

ఆ పిల్లని రెండుసార్లు జెమీ అని పిలిచాను. రెండోసారి, "నా పేరు సిరీస" అని కోప్పడింది.

మే 7, బుధవారం

మధ్యాహ్నం పిల్లలకి పులిహోర పెడుతుండగా ఫోన్. తెలియని నంబరు.

"అక్కా, నాను నీలవేణిని. ఫ్యాక్టరీ కాడ నుండి మాటాడతన్నాను."

అక్కా అంది. నాకు చెల్లెలు ఒక్కతే.

"జెమి బాగుందా? అన్నం తింటోందా?"

"తింటన్నాది. గానీ మాటాడదు. ఏటడిగినా తలూపుతాది. మద్దేనం ఆ రేకు డబ్బా ముందరెట్టుకుని కూకుంటాది. సిలకకి ఒక రెక్క నేదంట. పెద్దమ్మ సేత్తాదంటాది. అదెలగ సెయ్యాలో నాకు సెప్పక్కా. నాను సేసి పెడతాను. అప్పుడైనా మాటాడతాదేమో."

"దాన్నే అడక్కపోయావా?"

"సుట్టడం తెలుసంట. మిగతాది పెద్దమ్మకే తెలుసంటాది. నా కాడ బటన్ల ఫోను, బొమ్మలు సూసుకోడానికి అవదు. ఈయన ఫోను ఈయన కాడే ఉంటాది."

బయటికి వచ్చి గోడ నీడన నిలబడ్డాను. గాలి హోరుకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పుల్లకి గట్టిగా చుట్టు, పుల్ల మీద ఉండగానే చివర జిగురు పెట్టి అంటించెయ్యి, ఆరాక తీసి వేళ్లతో నొక్కితే రెక్క వస్తుంది అని చెప్పాను.

"అంతేనా?"

"అంతే."

"దేవుడు నిన్ను సల్లగా సూడాలక్కా" అంది.

మే 8, గురువారం

గట్టి చుట్ట కూడా చుట్టే. ఎవరు నేర్పినా మొదట గట్టి చుట్టే నేర్పుతారు. పువ్వు మధ్యలో బొడిపె గట్టి చుట్టతోనే చేస్తాం. నేను అబద్ధమేమీ చెప్పలేదు. ఫోన్లో అన్నీ వివరంగా చెప్పడం ఎవరివల్లా కాదు. పక్కన పిల్లలు, గాలి.

మే 9, శుక్రవారం

భావనపాడులో ఆఖరి రోజు. పిల్లలు చేసినవన్నీ దారానికి కట్టి గది నిండా వేలాడదీశాం. తల్లులు, తండ్రులు వచ్చి చూశారు. శిరీష వాళ్ల నాన్న తన కూతురు చేసిన చేప ముందు నిలబడి, "ఇది ఏ సేప?" అని అడిగాడు. "నువ్వు ఎప్పుడూ పట్టనేదు, అందుకే నీకు తెలవదు" అంది. అందరూ ఘొల్లుమన్నారు. ఆయన ఆ అట్టని రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. వంకర ఆయనకి కనబడలేదు.

సర్దుకుంటుంటే శిరీష నా వెనకే తిరిగింది.

"టీచరు, నీకు పాపుందా?"

"ఉంది. ఊరెళ్లింది."

"ఎప్పుడొత్తాది?"

"బడులు తెరిచేలోపు."

మే 12, సోమవారం

ఫోన్ లేదు. చిలక అయిందో లేదో తెలియదు. అయితే చెప్పేదే కదా.

మే 14, బుధవారం

ప్రదీప్ ఫోన్ చేశాడు. గొంతులో అలసట.

"నీ పిల్ల నీ కాడికే వచ్చీసీలాగుంది వదినా. నిన్న ఆ కాయితాలన్నీ యిసిరీసింది. నీలవేణి సేసినవి నొక్కితే నొక్కుడవ్వడం నేదంట. ఇలగ కాదు, ఇలగ కాదు అని ఒకటే ఏడుపు. నొక్కీ నొక్కీ బొటనేలు కమిలిపోయింది. ఇంకో పది రోజులు సూత్తాను. లేదంటే నే తెచ్చి దిగబెట్టీత్తాను."

"వేలికి పసుపు పెట్టారా?" అని అడిగాను.

నీ పిల్ల అన్నాడు. అతనే అన్నాడు, నేను అనలేదు.

ప్రార్థనకి కూర్చుని కృతజ్ఞతలు చెప్పబోయాను. సగంలో లేచి బియ్యం కడిగాను.

మే 16, శుక్రవారం

టైలరు కూర్మనాథం దగ్గరికి వెళ్లి రెండో తరగతి యూనిఫాం కుట్టమని గుడ్డ ఇచ్చాను. పాత కొలతలు పుస్తకంలో ఉన్నాయన్నాడు. రెండంగుళాలు పెంచమన్నాను. "పాప ఊర్నుంచి ఒచ్చీసిందేటమ్మా?" అన్నాడు. వస్తోంది అన్నాను.

చాపలు ఎండలో వేశాను. దోమల తెర కొట్టించాను.

మే 18, ఆదివారం

వరసగా రాస్తాను.

ఆరాధన నుంచి వచ్చేసరికి నీలవేణి మా మెట్ల మీద కూర్చుని ఉంది. ఒక్కతే వచ్చింది. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. లోపలికి రమ్మంటే ఈసారి వచ్చి కూర్చుంది. ఒళ్లో ఒక పాలిథిన్ కవరు. నేను మంచినీళ్లు తెచ్చేలోగా ఆ కవరు విప్పి చాప మీద పోసింది.

చుట్టలు. రెండు వందలకి తక్కువ ఉండవు. రంగు పీలికలు ఎప్పుడు అయిపోయాయో, పాత క్యాలెండరు కాగితం, మందుల చీటీ, పెళ్లి కార్డు కోసి చేసింది. అన్నీ ఒకటే కొలత. అంచులు ఒక్కచోట కూడా ఎగుడుదిగుడు లేవు. ఏడాదిగా చేస్తున్న నాకు అంత బాగా రావు.

"రోజంతా పొట్టు తీత్తానక్కా. పప్పు బద్ద అవ్వనివ్వను. ఫ్యాక్టరీలో నా సెయ్యే పెద్ద సెయ్యంటారు. ఈ కాయితం మటుకు నా మాట ఇనదేటి? భోజనాలకి ఒదిలినప్పుడల్లా కూకుని సేత్తన్నాను. ఏటి సేసినా విచ్చుకోవు. నొక్కితే నొక్కుడవ్వదు."

ఒక చుట్ట తీసి నొక్కాను. రాయిలా ఉంది. ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా నొక్కాను.

ఆమె వేళ్ల కొసలు జీడి రసానికి నల్లబడి ఉన్నాయి. చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది. వాటిని కొంగులో దాచుకుని అంది:

"మీ మరిది దిగబెట్టీద్దామంటన్నారు. అదింక నా దరికి రాదనుకున్నాను. పోనీ, ఈ నాలుగు రోజులైనా అది నవ్వుతా ఉండాలని అడగడానికొచ్చినాను. దానికేటి ఇష్టం? తల దువ్వేటప్పుడు ఏ పాట పాడతావు? అదేదో ఉందంట, నాను పాడితే అది కాదంటాది."

చెప్పాను. పాట చెప్పాను. చారులో బెల్లం ముక్క వేస్తే తింటుందని చెప్పాను. గుడ్డు అట్టేస్తే ఇష్టం, ఉడికిస్తే ఇష్టం లేదని చెప్పాను. ఆమె వేళ్లు మడుస్తూ గుర్తుపెట్టుకుంది. చుట్టల సంగతి తప్ప అన్నీ చెప్పాను.

"నాకు పిల్లలు పుట్టరక్కా" అంది, అన్నం తింటూ, మామూలుగా. "ముందు పెళ్లి అందుకే పోయింది. ఈయనకి ముందే సెప్పీసినాను. పరవాలేదు, నాకో పాపుంది అన్నాడు. ఆ మాటకే సేసుకున్నాను."

నేను మజ్జిగ పోశాను.

బస్టాండు దాకా కూడా వెళ్లాను. ఎండ మాడ్చేస్తోంది. పలాస బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడు నోరు తెరిచాను. ఇంట్లో రెండు గంటలు పక్కపక్కనే కూర్చున్నప్పుడు రాని మాట అప్పుడు వచ్చింది.

"నీలవేణీ, నేను తప్పు చెప్పాను."

"ఏటక్కా?"

"పుల్ల మీద ఉండగా జిగురు పెట్టకూడదు. చుట్టాక వదిలెయ్యాలి. విచ్చుకున్నాక పెట్టాలి. అప్పుడే నొక్కడానికి వస్తుంది."

"నువ్వు మర్సిపోయి సెప్పావేటి?"

"కాదు. తెలిసే చెప్పాను."

ఆమె మెట్టు మీది కాలు దించింది. వెనక ఉన్నవాళ్లు ఎక్కమ్మా ఎక్కు అంటున్నారు.

"తెలిసేనా?"

"తెలిసే."

"నా మీద కోపముంటే నన్ను తిట్టీవలిసింది. ఆ పిల్ల యేడిసిందక్కా. బొటనేలు కమిలిపోయీదాకా నొక్కింది."

ఎక్కి కూర్చుంది. కిటికీ పక్క సీటే దొరికింది, కానీ ఇటు తిరగలేదు. ఆమెకి ఇద్దామని తెచ్చిన చుట్టల కవరు నా చేతిలోనే ఉండిపోయింది.

మే 20, మంగళవారం

ఫోన్ లేదు. ప్రదీప్‌కి చెప్పే ఉంటుంది. చెప్పనీ.

మే 22, గురువారం

లేదు.

మే 25, ఆదివారం

లీలమ్మగారికి అంతా చెప్పాను. గుడి వెనక కుర్చీలు సర్దుతూ విన్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు, ఓదార్చలేదు.

"దేవుడితో చెప్పుకున్నావా?"

"చెప్పుకున్నాను."

"ఆమెతో చెప్పావు."

"చెప్పాను."

"పిల్లతో?"

"ఏడేళ్ల పిల్లకి ఏం చెప్తానమ్మగారూ?"

"ఏడిసింది ఆ పిల్లే కదా" అన్నారు. మళ్లీ కుర్చీలు సర్దడంలో పడ్డారు.

మే 28, బుధవారం

కూర్మనాథం యూనిఫాం కుట్టేశాడని కబురు పంపాడు. వెళ్లలేదు.

అది నా దగ్గరికి రావాలని ఇప్పటికీ ఉంది. తప్పని తెలిశాక పోతుందనుకున్నాను. పోలేదు.

జూన్ 1, ఆదివారం

నీలవేణి ఫోన్ చేసింది. అక్కా అనలేదు. ఏ పిలుపూ లేకుండానే మొదలుపెట్టింది.

"రేపు నాను సెలవు పెట్టినాను. పొద్దున్నే రా. నువ్వు సేసింది ఈయనకి సెప్పలేదు, నానే రమ్మన్నానని సెప్పినాను. నాకు నేర్పక్కర్లేదు. పిల్లకే నేర్పు. దాని సేత్తో అదే సేసుకుంటాది."

జూన్ 3, మంగళవారం

నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను. నిన్న రాయడానికి కూర్చుంటే అక్షరం రాలేదు.

కాశీబుగ్గలో వాళ్ల ఇల్లు ఫ్యాక్టరీల వెనక సందులో. గాలిలో కాల్చిన జీడి పిక్కల వాసన. రేకుల వసారా, ఒక గది. గుమ్మం పక్కన జెమి చెప్పులు కనిపించాయి. కొత్తవి.

పరిగెత్తి వస్తుందనుకున్నాను. రాలేదు. తలుపు పట్టుకుని నిలబడి చూసింది. తర్వాత నోరు తెరిచి చూపించింది.

"పెద్దమ్మా, పన్ను ఊడిపోయింది."

పై పన్ను. ముందుది. ఊడి పది రోజులైందట.

"ఎక్కడ పడేశావు?"

"పిన్ని ఇంటి మీదికి ఇసిరీమంది. ఇసిరీసినాను." పిన్ని అంటే నీలవేణి. ఇసిరీసినాను అంది జెమి. మా ఇంట్లో అలా మాట్లాడితే దిద్దేదాన్ని.

ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. బరువు పెరిగింది. తల వాసన మారింది. మా ఇంటి సబ్బు కాదు. అలా ఎంతసేపు ఉన్నానో. నీలవేణి టీ పెడుతున్నానని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.

తర్వాత డబ్బా తెరిచాం. పుల్ల దానికే ఇచ్చాను. చుట్టింది. అలవాటుగా నా వైపు చాపింది, మిగతాది నువ్వు చెయ్యి అన్నట్టు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నువ్వే. పుల్ల నుంచి తియ్యి. ఇప్పుడు వదులు."

"పాడైపోద్ది."

"అవదు. వదులు."

వదిలింది. కాగితం దాని అరచేతిలో మెల్లగా విచ్చుకుంది. నోరు తెరిచి చూసింది. జిగురు పెట్టించి, రెండు వేళ్లతో నొక్కమన్నాను. నొక్కింది. ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. దిద్దాలని వేళ్లు లాగాయి. దిద్దలేదు.

"పిన్ని చేస్తే ఇలగ అవలేదెందుకు?" అంది.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"నేను మీ అమ్మకి తప్పు చెప్పాను జెమీ. కావాలనే. అందుకే అవలేదు."

"ఏ అమ్మకి?"

గోడ మీద ఫొటో చూపించి ఒకే ఒక్క అమ్మ ఉందని నేర్పింది నేనే కదా. అడగదూ మరి.

"నీలవేణి అమ్మకి."

జెమి వంటింటి వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఎందుకు తప్పు చెప్పావు?"

"నువ్వు నా దగ్గరికి వచ్చేస్తావని."

"మరి సారీ చెప్పావా?"

"నీకు చెప్తున్నాను. తనకి ఇంకా సరిగ్గా చెప్పలేదు."

"చెప్పు."

టీ గ్లాసులు పట్టుకుని నీలవేణి గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పాను. ఆమె గ్లాసు నా ముందు పెట్టి, "సల్లారిపోద్ది, తాగు" అంది. క్షమించినట్టు కాదు. క్షమించనట్టూ కాదు.

జెమి ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టింది. నువ్వూ చెయ్యి పిన్నీ, పెద్దమ్మ ఇప్పుడు సరిగ్గా చెప్తుంది అంది. నీలవేణి ఒకే ఒకటి చేసింది. వదిలి, విచ్చుకోనిచ్చి, ఆ నల్లటి వేళ్లతో అంచు దగ్గర అలా తాకిందంతే. ఈక లాంటి ఈక వచ్చింది. జెమి చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. రాసుకుంటున్నాను, ఎందుకంటే ఇది కూడా జరిగింది.

మధ్యాహ్నానికి రెక్క అయింది. సగం ఈకలు వంకర, సగం బాగున్నాయి. అట్ట గోడకి ఆనించి ముగ్గురం చూశాం.

నేను లేవబోతే జెమి గదిలోకి పరిగెత్తింది. బట్టల సంచి ఈడ్చుకుంటూ వచ్చింది. ముందే సర్దిపెట్టుకుంది.

"పెద్దమ్మా, నన్ను తీసుకెళ్లడానికే కదా వచ్చావు?"

నీలవేణి పుల్లలు ఏరుతూ ఉండిపోయింది. అవునంటే ఆపేది కాదు. నాకు తెలుసు. ప్రదీప్ కూడా ఆపడు.

"కాదమ్మా. చూడ్డానికి వచ్చాను. మళ్లీ కూడా వస్తాను. నువ్వు ఇక్కడే ఉంటావు."

ఎవరి గొంతో మాట్లాడినట్టు ఉంది.

జెమి ఏడ్చింది. ఎలా ఏడ్చిందో రాయను. నన్ను కొట్టింది, సంచి తన్నింది. నీలవేణి దగ్గరికి తీసుకోబోతే తోసేసింది. మళ్లీ తీసుకుంది. మళ్లీ తోసింది. మూడోసారి తొయ్యలేదు. ఆమె భుజంలో మొహం పెట్టుకుని, నాకు వీపు చూపిస్తూ ఏడ్చింది.

"ఇంక ఎల్లక్కా" అంది నీలవేణి, మెల్లగా. "నాను సూసుకుంటాను."

అక్కా అంది.

జూన్ 8, ఆదివారం

ప్రదీప్ ఫోన్. బడిలో పేరు రాయించాడట, ఇంటి పక్కనే. "పూర్తిగా అలవాటయ్యిందని సెప్పను వదినా. గానీ నిన్న వాళ్ల పిన్నితో జగడమాడింది, జడ బిగిసిపోయిందని. జగడమాడిందంటే మరింక పరవాలేదనిపించింది" అన్నాడు.

నెలకి రెండు ఆదివారాలు రమ్మన్నాడు. వస్తాను అన్నాను.

దోమల తెర బాగా పనిచేస్తోంది. ఇంట్లో ఒక్క దోమ లేదు.

జూన్ 12, గురువారం

ఏడున్నరకే నీలవేణి ఫోన్ చేసి జెమికి ఇచ్చింది.

"పెద్దమ్మా, నేను బడికి వెళ్తన్నాను. ఏడవట్లేదు."

"మంచి పిల్లవి."

"నువ్వు ఏడుస్తన్నావా?"

"లేదు, జలుబు."

తొమ్మిదికి మా బడి గంట కొట్టారు. తెరిచిన మొదటి రోజు గేటు దగ్గర నిలబడి, ఏడుస్తున్న చిన్నపిల్లల్ని తల్లుల చేతుల్లోంచి తీసుకునే పని పద్నాలుగేళ్లుగా నాదే. మా హెడ్‌మాస్టరు మోహనకృష్ణ గారు ఆ పని ఇంకెవరికీ ఇవ్వరు. మీ చెయ్యి పడితే చాలు టీచరుగారూ అంటారు. నేను పిల్లని లాక్కుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోమ్మా, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది అని తల్లికి చెప్పి గేటు వేయిస్తాను. ప్రతి ఏడూ ఇదే మాట. ఆ తల్లులు ఎక్కడికి వెళ్లేవారో, వెళ్లి ఏం చేసేవారో ఎప్పుడూ అనుకోలేదు.

ఈ రోజు మూలపేట నుంచి ఒకామె మూడేళ్ల పాపని నర్సరీలో వెయ్యడానికి తీసుకొచ్చింది. పాప ఆమె మెడని రెండు చేతులతో బిగించి పట్టుకుని కేకలు పెడుతోంది. ఆమె ఒక్కో వేలూ విడదీస్తోంది. అలవాటుగా చేతులు చాపాను. చాపిన చేతులు దించేశాను.

"కాసేపు లోపల కూర్చోమ్మా. తొందరేమీ లేదు" అన్నాను.

మోహనకృష్ణ గారు ఆశ్చర్యంగా చూశారు. నేను నా తరగతి గదిలోంచి బల్ల తెప్పించి వేపచెట్టు కింద వేయించాను. ఆమె పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పావుగంటలో పాప దిగింది. అవతల మట్టిలో ఆడుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లి నిలబడింది, తర్వాత వాళ్ల మధ్య కూర్చుంది. ఇటు చూడనే లేదు.

పాప ఊరుకుంది. తల్లి ఊరుకోలేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. హాజరు పిలవాల్సిన టైము దాటిపోతోంది. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.